రోజూ తుడిచినా నేల జిగట, సాయంత్రానికి బల్ల మీద దుమ్ము. తప్పు ఎక్కడ?

తడిగుడ్డ
ఇల్లు రెండు బెడ్‌రూములది. నేలంతా విట్రిఫైడ్ టైల్స్, వాష్‌బేసిన్ గట్టు మాత్రం పాలరాయి. రోజూ ఊడవడం, తుడవడం జరుగుతోంది. బకెట్ నీళ్లలో రెండు మూతల ఫ్లోర్ క్లీనర్ పడుతోంది. అయినా ఆరాక నేల మీద పాదాల అచ్చులు కనిపిస్తున్నాయి, చెప్పుల్లేకుండా నడిస్తే కాలికి పట్టినట్టుంటుంది. టీవీ బల్ల పొద్దున తుడిస్తే సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. రోజుకు అరగంటకు మించి కుదరదు. ఇందులో ఏది మార్చాలి?

చీపురుకట్ట
రెండు మూతలా? మీ జిగటకు కారణం అదేనండీ. అది మురికి కాదు, సబ్బు.

నమ్మకం లేకపోతే ఇలా చూడండి. ఎక్కువగా నడిచే చోట ఒక టైల్ ఎంచుకుని, పావు గ్లాసు గోరువెచ్చని నీళ్లు పోసి, శుభ్రమైన గుడ్డతో గుండ్రంగా అర నిమిషం రుద్దండి. మీరు సబ్బు వెయ్యలేదు. అయినా నురగ తేలితే అది ఇన్నాళ్లుగా పేరుకున్నదే. ఆ ఒక్క టైల్‌ని మంచినీళ్లతో కడిగి పొడిగుడ్డతో తుడిచి, పక్క టైల్ మీద ఒక కాలు, దీని మీద ఒక కాలు పెట్టి చూడండి. తేడా అరికాలికే తెలుస్తుంది.

సున్నపుమరక
చీపురుకట్ట గారు చెప్పింది నిజం. కారణం కూడా చెప్తాను. క్లీనర్‌లో ఉండే సబ్బు పదార్థం మురికిని పట్టుకుని నీళ్లలో తేలేలా చేస్తుంది. ఆ నీళ్లను మాప్ తిరిగి పీల్చుకుంటేనే మురికి ఇల్లు దాటుతుంది. తడి నేల మీదే ఆరిపోతే నీళ్లు ఆవిరవుతాయి, సబ్బూ మురికీ పలచని పొరగా మిగిలిపోతాయి. ఆ పొర మర్నాడు వచ్చే దుమ్మును పట్టి ఉంచుతుంది. అందుకే "ఎక్కువ వేస్తే ఎక్కువ శుభ్రం" అనుకునే ఇళ్లలోనే నేల తొందరగా మాసిపోతుంది.

కొలత: సీసా మీద రాసినదే వెయ్యండి. చాలా సీసాల మీద మూతల లెక్కే ఉంటుంది కానీ అది ఎన్ని లీటర్ల నీళ్లకో కూడా పక్కనే రాసి ఉంటుంది, అది ఎవరూ చదవరు. గిన్నెలు తోమే లిక్విడ్‌తో తుడిస్తే 5 లీటర్లకు ఒక చెంచా, అంటే 5 మి.లీ. చాలు.

పేరుకున్న పొర పోవాలంటే ఒక్కసారి ఈ పని చెయ్యాలి. 5 లీటర్ల గోరువెచ్చని నీళ్లలో 60 మి.లీ. తెల్ల వెనిగర్ కలిపి ఇల్లంతా తుడవండి, సబ్బు అసలు వద్దు. తర్వాత రెండుసార్లు ఉత్త నీళ్లతో. ఇది సిరామిక్, విట్రిఫైడ్ టైల్స్‌కు మాత్రమే. పాలరాయి, సున్నపురాయి, సిమెంట్ గచ్చు ఉన్నచోట వెనిగర్ చుక్క కూడా పడనివ్వకండి. అది రాతినే కరిగిస్తుంది. మీ వాష్‌బేసిన్ గట్టు సంగతి గుర్తుంచుకోండి.

నాలుగుమడతలు
సబ్బు ఒక సగం. రెండో సగం బకెట్. ఒకే బకెట్‌తో ఇల్లంతా తుడిస్తే రెండో గదికి వచ్చేసరికి మీరు నేలకు మురికినీళ్లు పూస్తున్నట్టే లెక్క.

రెండు బకెట్లు పెట్టుకోండి. ఒకదాంట్లో క్లీనర్ కలిపిన నీళ్లు, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. మాప్‌ని మొదటిదాంట్లో ముంచి, గట్టిగా పిండి, నాలుగైదు చదరపు మీటర్లు తుడిచాక రెండో బకెట్‌లో జాడించి పిండి, అప్పుడే మళ్లీ మొదటిదాంట్లో ముంచాలి. చివర్లో రెండు బకెట్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఇంకెవరూ నచ్చజెప్పక్కర్లేదు. ఉత్త నీళ్ల బకెట్ అడుగు కనిపించకపోతే నీళ్లు మార్చే సమయం అయినట్టు.

పిండటం గురించి: ఎత్తి పట్టుకుంటే మాప్ నుంచి చుక్క కారకూడదు. తుడిచిన చోటు మామూలు గాలికి రెండు మూడు నిమిషాల్లో ఆరాలి. పది నిమిషాలు తడిగా ఉందంటే నీళ్లెక్కువ. చెక్క, లామినేట్ నేలలకైతే ఇంకా పొడిగా ఉండాలి, అతుకుల్లోకి నీళ్లు దిగితే పలకల అంచులు ఉబ్బుతాయి. ఉబ్బినవి మళ్లీ కుదురుకోవు.

తడిగుడ్డ
టైల్ పరీక్ష చేశాను. నురగ వచ్చింది. బాగానే వచ్చింది. మరి దుమ్ము సంగతి?

పైనుంచికిందికి
దుమ్ము సంగతి నాకు వదిలెయ్యండి.

మొదటి ప్రశ్న: ఏది ముందు చేస్తున్నారు? చాలా ఇళ్లలో పొద్దున్నే బల్లలు తుడిచి, తర్వాత ఊడుస్తారు, అదీ ఫ్యాన్ తిరుగుతుండగా. పొడి చీపురు పెద్ద చెత్తను ముందుకు తోస్తుంది, సన్నటి దుమ్మును గాలిలోకి లేపుతుంది. ఆ దుమ్ము తర్వాతి కొన్ని గంటల్లో మెల్లగా దిగుతుంది. ఎక్కడ? ఇప్పుడే తుడిచిన టీవీ బల్ల మీద. మీరు సాయంత్రం చూస్తున్నది కొత్త దుమ్ము కాదు, చాలావరకు పొద్దున మీరు లేపినదే.

వారానికోసారి చేసే పెద్ద పనికి వరస ఇది. ముందు ఫ్యాన్ రెక్కలు, గోడల మూలలు, అల్మరాల పైభాగం. తర్వాత కిటికీ చువ్వలు, అరలు, బల్లలు. ఆ తర్వాత సోఫా, పరుపు. చివరికి నేల: ముందు పొడి పని, తర్వాత తడి పని. పొడి దుమ్ము మీద నీళ్లు పడితే బురదవుతుంది. టైల్స్ అతుకుల్లో నల్లగా కూర్చునేది ఆ బురదే.

రోజువారీ అయితే వరస తిరగెయ్యొచ్చు. ఫ్యాన్ ఆపి, కిటికీలు తెరిచి ఊడ్చి, నేల తుడిచి, వేరే పని చూసుకుని, కనీసం పావుగంట తర్వాత తడిపి పిండిన గుడ్డతో బల్ల తుడవండి. పొడిగుడ్డతో దులపడం మాత్రం వద్దు. ఈకల కుంచె దుమ్మును ఇంట్లోంచి పంపదు, ఇల్లు మారుస్తుందంతే.

చీపురుకట్ట
చీపురుకు అంత అపవాదు అక్కర్లేదు లెండి. చీపురును ఎత్తి విదిలించకుండా, నేలకు ఆనించి చిన్న చిన్న గుంజుళ్లతో తన వైపు లాగితే దుమ్ము లేచేది తక్కువ. కొత్త మెత్తని చీపురైతే దాని పొట్టే వారం రోజులు రాలుతుంది, ముందు బయట బాగా దులిపి వాడాలి.

పైనుంచికిందికి
ఒప్పుకుంటాను. కానీ వాక్యూమ్ గానీ, చదునైన మైక్రోఫైబర్ పొడి మాప్ గానీ ఉంటే దుమ్ము విషయంలో చీపురు వాటికి సరి రాదు. ఒక షరతు: వాక్యూమ్ ఫిల్టర్ నిండిపోయి ఉంటే అది వెనక నుంచి సన్నదుమ్ము ఊదుతుంది. దుమ్ముడబ్బా మూడొంతుల్లో రెండొంతులు నిండగానే ఖాళీ చెయ్యాలి. ఫిల్టర్ కడిగేరకమైతే కడిగి, 24 గంటలు పూర్తిగా ఆరనిచ్చి పెట్టాలి. తడి ఫిల్టర్ పెడితే వాసన వస్తుంది, మోటారుకు కూడా మంచిది కాదు.

ఇంకో మాట. దుమ్ములో సగం గొడవ గుమ్మం దగ్గరే ఆపొచ్చు. బయట గరుకు పట్టా, లోపల పీల్చుకునే మెత్తటి పట్టా. లోపలిది రెండడుగులు వేసేంత పొడవుండాలి, ఒక్క కాలు పట్టే పట్టా అలంకారమే. ఇక వాటిని వారానికోసారి బయట దులపకపోతే అవే దుమ్ము గిడ్డంగులు.

నాలుగుమడతలు
గుడ్డ గురించి చెప్పకపోతే నా పేరుకు అర్థం లేదు.

మైక్రోఫైబర్ గుడ్డను సగానికి, మళ్లీ సగానికి మడిస్తే 8 శుభ్రమైన ముఖాలు వస్తాయి. ఒక బల్లకు ఒక ముఖం. మాసిన ముఖాన్ని లోపలికి తిప్పి కొత్తది బయటికి. ఉండలా నలిపి పట్టుకుని తుడిస్తే ఒక్క ముఖమే పనిచేస్తుంది, అదీ రెండు నిమిషాల్లో నిండిపోతుంది, తర్వాత మీరు చేసేది పూయడమే.

తుడిచే తీరు కూడా ఉంది. గుండ్రంగా తిప్పితే దుమ్ము మధ్యలోనే తిరుగుతుంది. దూరం అంచు నుంచి మీ వైపుకు, ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంపులు తిరుగుతూ రండి, గుడ్డ ఎత్తకండి. చివర అంచు దగ్గర గుడ్డను కిందకి మడిచి ఎత్తండి.

ఈ గుడ్డలు ఉతికేటప్పుడు మూడు తప్పులు జరుగుతాయి. ఫ్యాబ్రిక్ సాఫ్ట్‌నర్ వేస్తే పోగుల మధ్య సందులు పూడిపోయి గుడ్డ నీళ్లు పీల్చడం మానేస్తుంది. తువ్వాళ్లతో కలిపి వేస్తే నూలు అంతా దీనికి పట్టుకుంటుంది. బాగా వేడిగా ఆరబెట్టినా, ఇస్త్రీ చేసినా పోగులు కరుగుతాయి, అది పాలిస్టరే కదా. 40 డిగ్రీల నీళ్లు, కొంచెం సబ్బు, నీడలో ఆరబెట్టడం. చాలు.

బాత్‌రూమ్ గుడ్డ, వంటింటి గుడ్డ, మిగతా ఇంటి గుడ్డ: మూడు రంగులు. కలిసిపోయే అవకాశమే ఉండదు.

ఇంటిలెక్క
అరగంటే ఉందన్నారు కాబట్టి లెక్క వేద్దాం. ఒక్క రోజులో ఇల్లంతా చెయ్యాలనుకుంటే అరగంట ఎన్నటికీ చాలదు. పంచుకోండి.

పొద్దున 7 నిమిషాలు: పక్కలు సర్దడం, సింక్ ఖాళీ, స్టవ్ గట్టు ఒక తుడుపు. రాత్రి 15 నిమిషాలు: ఊడవడం, వంటింటి నేల, ఎక్కువగా నడిచే దారి తుడవడం. మిగిలిన 8 నిమిషాలు ఆ రోజు వంతు వచ్చిన గదికి. ఒక రోజు బాత్‌రూమ్, ఒక రోజు ఫ్యాన్లు, ఒక రోజు కిటికీలు, ఒక రోజు ఫ్రిజ్ అరలు. పక్కదుప్పట్లు వారానికోసారి మార్చాలి. దుమ్ముపురుగులు చావాలంటే నీళ్లు 60 డిగ్రీలుండాలి, చల్లటి నీళ్లకు కొన్ని కొట్టుకుపోతాయి కానీ చావవు. ఆ వేడిని గుడ్డ తట్టుకుంటుందో లేదో లేబుల్ చూడండి.

గది పని 8 నిమిషాల్లో పూర్తి కాకపోతే అక్కడే ఆపెయ్యండి. మిగిలింది వచ్చే వారం. సగంలో ఆపే ధైర్యం లేనివాళ్లే మూడో రోజుకు మొత్తం మానేస్తారు.

ఖాళీబల్ల
లెక్క బాగుంది కానీ ఒకటి వదిలేశారు. బల్ల తుడవడానికి ఒక నిమిషం. బల్ల మీదున్న రిమోట్లు, ఛార్జర్లు, కాగితాలు, మందుల పెట్టె, నిన్నటి కప్పు తీసి మళ్లీ పెట్టడానికి ఆరు నిమిషాలు. శుభ్రం చెయ్యడం కష్టం కాదు, శుభ్రం చేసే చోటును ఖాళీ చెయ్యడం కష్టం.

అందుకని తుడిచే ముందు ఒక బుట్ట పట్టుకుని గది గదికీ తిరగండి. తన చోటులో లేని ప్రతి వస్తువూ బుట్టలోకి. దాని గది వచ్చినప్పుడు అక్కడ దింపండి. ఒక్కో వస్తువును చేత పట్టుకుని ఇంటి ఆ చివరికీ ఈ చివరికీ నడవకండి.

రోజూ బుట్టలోకి వచ్చే వస్తువు ఒకటుందనుకోండి, తప్పు దాన్ని పడేసే మనిషిది కాదు. దానికి చోటు లేదు, లేదా ఉన్న చోటు అందుబాటులో లేదు. తాళంచెవులు గుమ్మం నుంచి చెయ్యి చాపితే అందే కొక్కేనికి ఉండాలి, లోపలి గది సొరుగులో కాదు. మూత తీసి, పైది ఎత్తి, కింద పెట్టాల్సిన వస్తువు ఎప్పటికీ బల్ల మీదే ఉంటుంది. తరచూ వాడేవి మూత లేని బుట్టల్లో, నడుము నుంచి కంటి ఎత్తు మధ్య. ఏడాదికోసారి వాడేవి పైకి.

నేల మీద నిలబెట్టిన వస్తువులు ఎంత తగ్గితే ఊడవడం అంత త్వరగా అవుతుంది. చెత్తబుట్ట, చెప్పుల స్టాండ్, బట్టల బుట్ట, వీటిని గోడకు బిగించొచ్చేమో చూడండి. మంచాల కిందికి చీపురు దూరకపోతే అట్టపెట్టెలు తోసి దాచే అలవాటు ఆ చోటును దుమ్ముకు అప్పగిస్తుంది.

తడిగుడ్డ
ఫ్యాన్ తుడిస్తే దుమ్మంతా మంచం మీద పడుతోంది. బాత్‌రూమ్ ట్యాపుల మీద తెల్ల మచ్చలు ఎంత తోమినా పోవట్లేదు. గీతలు మాత్రం పడ్డాయి.

చీపురుకట్ట
ఫ్యాన్‌కు పాత దిండు గలీబు. స్విచ్ ఆపి, వీలైతే మెయిన్ కూడా ఆపి, గలీబును రెక్కకు తొడిగి, పైనా కిందా అరచేతులతో అదిమి మీ వైపు లాగండి. దుమ్ము గలీబు లోపలే ఉంటుంది. రెక్క ముందంచున, అంటే గాలిని కోసే అంచున, ఎక్కువ పేరుకుంటుంది, అక్కడ తడిగుడ్డ పట్టించండి. రెక్కను కిందికి వంచకండి. బ్రాకెట్ కొంచెం వంగినా ఫ్యాన్ ఊగుతుంది, తర్వాత ఎంత తుడిచినా ఊగుతూనే ఉంటుంది.

సున్నపుమరక
తెల్ల మచ్చలు నా శాఖ. అది మురికి కాదు, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు గట్టిపడినవి. సబ్బుకు లొంగవు, పీచుతో రుద్దితే క్రోమ్ పూత గీసుకుపోతుంది. వాటికి కావలసింది పులుపు, సమయం.

లీటరు గోరువెచ్చని నీళ్లలో 30 గ్రాముల సిట్రిక్ యాసిడ్ పొడి. కాగితపు న్యాప్‌కిన్లు అందులో ముంచి ట్యాపుకు చుట్టండి. ముఖ్యంగా ట్యాపు అడుగున, గట్టును కలిసే చోట. 20 నిమిషాలు వదిలెయ్యండి. ఆ 20 నిమిషాల్లో పని ద్రవం చేస్తుంది, మీరు కాదు. తర్వాత పాత టూత్‌బ్రష్‌తో ఒక్కసారి తిప్పి, బాగా కడిగి, పొడిగుడ్డతో తుడవండి. ఇంకా ఉంటే మళ్లీ ఒకసారి. రాత్రంతా వదిలెయ్యకండి, పూత దెబ్బతింటుంది. బంగారు రంగు, నలుపు రంగు పూతలున్న ట్యాపులకు అసలు యాసిడ్ వద్దు, మెత్తని సబ్బునీళ్లే.

షవర్ రంధ్రాలు మూసుకుపోతే ఇదే ద్రవాన్ని ప్లాస్టిక్ సంచిలో పోసి, షవర్ తల మునిగేలా రబ్బరుబ్యాండుతో కట్టి అరగంట ఉంచండి. రబ్బరు మొనలున్న షవరైతే వేలితో రుద్దితేనే సున్నం రాలిపోతుంది.

మీది పాలరాతి గట్టు. ట్యాపు చుట్టూ తడి న్యాప్‌కిన్ పెట్టే ముందు గట్టు మీద ప్లాస్టిక్ కాగితం పరిచి, దాని మీద మందపాటి గుడ్డ వెయ్యండి. కారిన చుక్క రాయిని తాకకూడదు.

జాలీమూత
అసలు మచ్చే పడకుండా చెయ్యొచ్చు. రోజూ స్నానం అయ్యాక రబ్బరు వైపర్‌తో అద్దం, టైల్ గోడ ఒక్కసారి కిందికి లాగండి. అర నిమిషం పని. నీటిచుక్క గోడ మీదే ఆరితేనే సున్నం మిగులుతుంది. నీళ్లను దింపేస్తే మచ్చ పడటానికి ఏమీ ఉండదు.

తడిగుడ్డ
కమోడ్‌కి టాయిలెట్ క్లీనర్ వేసి, అది కూర్చునేలోపు బ్లీచ్ కూడా కాస్త పోస్తే రెట్టింపు పని చేస్తుందా?

సున్నపుమరక
వద్దు. ఎప్పుడూ వద్దు. ఈ చర్చలో ఒక్కటే గుర్తుంచుకుంటే ఇది గుర్తుంచుకోండి.

చాలా టాయిలెట్ క్లీనర్లలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది. బ్లీచ్ అంటే సోడియం హైపోక్లోరైట్. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. మూసిన బాత్‌రూమ్‌లో అది కళ్లనూ గొంతునూ మండించి ఊపిరితిత్తుల దాకా వెళ్తుంది. వెనిగర్, సిట్రిక్ యాసిడ్‌తో కలిపినా అంతే. అమోనియా ఉన్న గాజు క్లీనర్‌తో బ్లీచ్ కలిస్తే క్లోరమీన్లు వస్తాయి, అవీ విషమే. ఒకటి వాడిన రోజు రెండోది అసలు తియ్యకండి.

పొరపాటున కలిసి ఘాటు వాసన వస్తే ఫ్లష్ చెయ్యడానికి కూడా ఆగకండి. వెంటనే బయటికి వచ్చి, గాలి ఆడే చోట నిలబడండి. బయటి వైపు నుంచి తెరవగల కిటికీ ఉంటే తెరవండి. దగ్గు, ఆయాసం, కళ్లమంట తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఇక బ్లీచ్ విడిగా వాడే పద్ధతి. ముందు మురికి కడగాలి. మురికి ఉన్నచోట బ్లీచ్ దాని మీదే ఖర్చయిపోతుంది. 5 శాతం బ్లీచ్‌ అయితే లీటరు చల్లటి నీళ్లకు 20 మి.లీ., అంటే నాలుగు చెంచాలు. వేడి నీళ్లలో కలిపితే శక్తి పోతుంది, ఘాటు పెరుగుతుంది. తుడిచిన చోటు కనీసం ఒక నిమిషం తడిగా ఉండాలి. కలిపిన ద్రవం 24 గంటలు దాటితే పారబొయ్యండి. స్టీలు సింక్ మీద నిలవ ఉంచకండి, చిన్న చిన్న గుంటలు పడతాయి.

చీపురుకట్ట
వెనిగర్, వంట సోడా కలిపి బుసబుసమనిపించే చిట్కా కూడా ఇక్కడే ముగిద్దాం.

సున్నపుమరక
ముగించొచ్చు. ఒకటి పులుపు, ఒకటి క్షారం. కలిస్తే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. నురగ అంతా కార్బన్ డయాక్సైడ్, మిగిలేది ఉప్పునీళ్లలాంటిది. విషం కాదు, ఉపయోగమూ పెద్దగా లేదు. సున్నానికి వెనిగర్ ఒక్కటే, జిడ్డుకు సోడా ఒక్కటే వాడండి.

జాలీమూత
కమోడ్ గురించి పద్ధతిగా. ముందు బ్రష్‌తో లోపలి నీళ్లను గొట్టంలోకి నెట్టండి, మట్టం తగ్గుతుంది. అప్పుడు క్లీనర్‌ను పై అంచు కింద చుట్టూ వెయ్యండి. నీళ్లు ఎక్కువుంటే క్లీనర్ పలచబడి మరక దాకా బలం చేరదు. 10 నిమిషాలయ్యాక తోమి ఫ్లష్ చెయ్యండి. బ్రష్‌ను తడిగానే డబ్బాలో దించితే అడుగున మురికినీళ్లు నిలుస్తాయి. సీటుకూ అంచుకూ మధ్య బ్రష్ కాడను నొక్కి, కొస కమోడ్ మీదికి ఉండేలా పది నిమిషాలు ఆరనివ్వండి.

ఎంత కడిగినా బాత్‌రూమ్‌లో డ్రైనేజీ వాసన వస్తుంటే అది శుభ్రత సమస్య కాకపోవచ్చు. నేల జాలీ కింద ట్రాప్ ఉంటుంది. అందులో సుమారు 50 మి.మీ. లోతు నీళ్లు నిలిచి, కింది గొట్టం గాలి పైకి రాకుండా అడ్డుకుంటాయి. వాడని బాత్‌రూమ్‌లో కొన్ని వారాలకు ఆ నీళ్లు ఆవిరైపోతాయి. ఒక మగ్గు నీళ్లు పోస్తే వాసన ఆగుతుంది. నెల రోజులు ఇల్లు మూసి వెళ్తుంటే, నీళ్లు పోశాక పైన ఒక చెంచా నూనె వెయ్యండి, ఆవిరి కావడం నెమ్మదిస్తుంది.

నీళ్లు నిదానంగా దిగుతుంటే ముందు జాలీ ఎత్తి, వంచిన తీగతో వెంట్రుకల ముడి లాగండి. పది సార్లలో తొమ్మిది సార్లు కారణం అదే. పీవీసీ గొట్టాల్లో మరిగే నీళ్లు పోయొద్దు, అవి 60 డిగ్రీల దగ్గర మెత్తబడటం మొదలవుతుంది. ఒక డ్రెయిన్ క్లీనర్ పని చెయ్యలేదని దాని మీద ఇంకోటి పోయడం అన్నిటికంటే ప్రమాదం.

ఖాళీబల్ల
వంటింటి చిమ్నీ ఫిల్టర్ల సంగతి ఎవరైనా చెప్పండి. జిడ్డు గట్టిపడిపోతే ఏం చెయ్యాలి?

ఇంటిలెక్క
ముందు ఫిల్టర్ దేనితో చేశారో తెలుసుకోండి. స్టీలు బ్యాఫిల్ (వంపు పలకల ఫిల్టర్) అయితే 5 లీటర్ల వేడి నీళ్లలో 3 పెద్ద చెంచాల బట్టల సోడా, కాస్త గిన్నెల లిక్విడ్ వేసి గంట నానబెట్టండి. చేతికి గ్లౌజులు తప్పనిసరి. అల్యూమినియం జాలీ అయితే సోడా ముట్టుకోవద్దు. క్షారం తగిలితే అల్యూమినియం బూడిద రంగుకు, నలుపుకు తిరుగుతుంది, కడిగితే పోదు. దానికి వేడి నీళ్లు, గిన్నెల లిక్విడ్ మాత్రమే.

ఏదో తేల్చుకోవడానికి అయస్కాంతం పెట్టి చూడొచ్చు. అంటితే స్టీలే. అంటకపోతే తేలదు, కొన్ని రకాల స్టీలుకూ అది అంటదు. అనుమానం ఉంటే అల్యూమినియం అనుకుని మెత్తగానే కడగండి.

గట్టిపడటానికి కారణం కాలమే. తాజా నూనె తుంపర సబ్బునీళ్ల గుడ్డకు వచ్చేస్తుంది. వారాల తరబడి వేడి, గాలి తగిలితే అదే నూనె రసాయనికంగా మారి వార్నిష్‌లా బిగుసుకుంటుంది. అందుకే స్టవ్ వెనక గోడను రోజూ అర నిమిషం తుడవడం, ఆర్నెల్లకోసారి రెండు గంటలు గీకడం కంటే చవక. స్టవ్ గాజుదైతే గీకే పీచు వద్దు, పొగ చూరిన చోట తడిగుడ్డ పది నిమిషాలు కప్పి ఉంచి తర్వాత తుడవండి.

నాలుగుమడతలు
గిన్నెలు తోమే స్పాంజ్ రాత్రి సింక్ అడుగున పడి ఉంటే పొద్దుటికి వాసన వస్తుంది. పిండి, గాలి ఆడేలా నిలబెట్టండి. వాసన మొదలైందంటే కడిగి బతికించాలని చూడొద్దు, మార్చెయ్యండి. స్విచ్‌బోర్డుల మీద నేరుగా స్ప్రే కొట్టొద్దు, గుడ్డ మీద కొట్టి తుడవండి. టీవీ తెరకు గాజు క్లీనర్ కూడా వద్దు, పొడి మైక్రోఫైబర్ చాలు.

చీపురుకట్ట
పిల్లులున్న ఇళ్లవాళ్లకు ఒక మాట. ఫినాయిల్, ఇతర ఫినాల్ రకం క్లీనర్లు పిల్లులకు పడవు. వాటి కాలేయం ఆ పదార్థాలను సరిగా విడగొట్టలేదు. నేల మీద నడిచి, పాదాలు నాక్కుంటే లోపలికి పోతుంది. సబ్బునీళ్లు చాలు, తర్వాత ఉత్త నీళ్లతో ఒకసారి.

ఇంకోటి, నేల రోజూ తుడవాల్సిన పని లేదు. వంటిల్లు, నడిచే దారి రోజూ, మిగతా గదులు రోజు విడిచి రోజు.

ఇంటిలెక్క
పాకే పిల్లలుంటే ఆ గది కూడా రోజూ. మిగతాది ఒప్పుకుంటాను.

తడిగుడ్డ
వెనిగర్‌తో ఒకసారి, ఉత్త నీళ్లతో రెండుసార్లు తుడిచాక అచ్చులు పోయాయి. చివరి ప్రశ్న. పాలరాతి గట్టు మీద సబ్బుపెట్టె పక్కన ఒక గుండ్రటి మచ్చ, చుట్టూ మెరుస్తోంది, అక్కడ మాత్రం మసకగా ఉంది. ఏం వేస్తే పోతుంది?

సున్నపుమరక
ఏమీ వెయ్యకండి ముందు. అది పైన పడిన మరకో, రాయి తిన్న గాయమో తేల్చాలి. గదిలో దీపం ఆపి, ఫోన్ టార్చ్‌ను గట్టుకు ఆనించి పక్కనుంచి వెలుగు పడేలా పట్టండి. మచ్చ రంగులో తేడా ఉంటే మరక. రంగు అదే ఉండి మెరుపు మాత్రమే లేకపోతే, గోటితో తాకితే కొంచెం గరుకుగా ఉంటే, ఏదో యాసిడ్ పడి పాలిష్ తిన్నట్టు. ఆ మెరుపును ఏ క్లీనరూ తిరిగి తీసుకురాలేదు, అక్కడ పోగొట్టడానికి ఏమీ లేదు, పోయింది మెరుపే. చిన్నదైతే పాలరాయి పాలిషింగ్ పౌడర్‌ను తడిగుడ్డతో కొన్ని నిమిషాలు రుద్ది చూడొచ్చు. ముందు కనిపించని మూలలో చేసి చూడండి. లోతుగా ఉంటే పాలిష్ మెషీన్ ఉన్నవాళ్లను పిలవాల్సిందే.

మరకైతే మాత్రం పీహెచ్ 7కు దగ్గరగా ఉన్న, అంటే పులుపూ క్షారమూ కాని రాతి క్లీనర్, లేదా పలచటి గిన్నెల లిక్విడ్. తర్వాత నీళ్లతో తుడిచి వెంటనే పొడి చెయ్యండి.

జాలీమూత
టాయిలెట్ క్లీనర్ సీసాను ఆ గట్టు మీద పెడుతున్నారా? గుండ్రటి మచ్చంటున్నారు. సీసా అడుగున కారిన చుక్క అచ్చం అలాగే ఉంగరంలా దిగుతుంది.

తడిగుడ్డ
అక్కడే పెడుతున్నాం. సీసా అడుగు కొలత, మచ్చ కొలత సరిపోయాయి. ఇప్పుడే తీసి నేల మీద ప్లాస్టిక్ ట్రేలో పెట్టాను.

ఖాళీబల్ల
ఇంట్లో పిల్లలు గానీ పెంపుడు జంతువులు గానీ ఉంటే నేల మీద వద్దండీ. అదే ట్రేతో సహా పై అరలోకి, తాళం ఉంటే ఇంకా మంచిది. బ్లీచ్ సీసా మాత్రం వేరే అరలో.